నాకా దగ్గర అన్న మాట

నా భర్త ఎలా పోయాడని ఎవరైనా అడిగితే కరోనాతో అని చెబుతాను. అంతకు మించి చెప్పే ఓపిక నాకు లేదు. మా మామను అడిగితే మాత్రం వేరే చెప్పేవాడు. "నేను లైన్ల నిలవడ్డ, వాడు పోయిండు" అనేవాడు. ఎదుటివాళ్ల ముఖం చూడకుండా, ఏ ఊరి దగ్గర ఏ టైరు పోయిందో చెప్పినంత మామూలుగా అనేవాడు. కొడుకు పోయాక ఆయన ఏడాది పైన బతికాడు. ఆ ఏడాదంతా ఆయన తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. తాను లైన్లో నిలబడి ఉన్నప్పుడు, వెనక టెంపోలో పడుకున్న కొడుకు తనను ఏమన్నాడు? అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మా మామ లారీ డ్రైవరు. సిరిసిల్లలో నేతపని వాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం ముందు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని స్టీరింగు పట్టుకున్నాడు. సూరత్ నుంచి నూలు బేళ్లు సిరిసిల్లకు తేవడం, తిరిగి వెళ్లేటప్పుడు దొరికిన లోడు వేసుకుపోవడం, ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని. లారీ ఎప్పుడూ తనది కాదు. అన్నేళ్లు వచ్చిపోయినా ఆయనకు సూరత్ తెలియదు. పగలు లారీలను ఊళ్లోకి రానివ్వరు కదా, ఆయన చూసిందంతా గోదాములు, తూకం వేసే కాటా, హైవే పక్క హోటలు. పెళ్లయి సూరత్‌లో కాపురం పెట్టిన కొత్తలో నేను సముద్రం చూపించమని మా ఆయనను సతాయిస్తుంటే, లోడుతో వచ్చి మా గదిలో అన్నం తింటున్న మామ తలెత్తి, "ఈడ సముద్రం గూడ ఉన్నదా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను వంటగదిలోకి పోయాను.

తర్వాత మామకు షుగర్ వచ్చి కుడికాలు మొద్దుబారింది. ఒకరోజు ఘాటు రోడ్డు దిగుతుంటే బ్రేకు మీద కాలు ఉందో లేదో తెలియలేదట. అలాగే బండిని ఓనరు ఇంటిదాకా తీసుకుపోయి, తాళం చేతిలో పెట్టి, "నా కాలికి బ్రేకు తెలుస్తలేదు, ఇంకోణ్ని సూస్కో" అని బస్సెక్కాడట. ఎవరూ పొమ్మనలేదు. చాలామంది అలాంటివి దాచిపెట్టుకుని ఇంకో నాలుగేళ్లు లాగుతారు. అప్పటినుంచి సూరత్ శివారు ఉన్‌లోని మా రెండు గదుల ఇంట్లోనే ఉన్నాడు.

ఇంట్లో ఉన్నా లారీలో ఉన్నట్టే ఉండేవాడు. కుళాయి పక్కనే ఉన్నా సీసాలో నీళ్లు పట్టుకొచ్చి గడప అవతల నిలబడి ముఖం కడుక్కునేవాడు. పడుకోబోయే ముందు నా కూతురి సైకిల్ టైర్లను కట్టెతో కొట్టి చూసేవాడు. "తాతా, దాన్ని ఎవరు ఎత్తుకపోతరు, గాలి ఎవరు తీస్తరు?" అని అది నవ్వేది. మామకు ముందు పళ్లలో ఒకటి లేదు. వయసులో ఉన్నప్పుడు ఏదో సరిహద్దు నాకాలో, అంటే బండ్లను ఆపి చూసే గేటు దగ్గర, తొందరపడి రెండుసార్లు హారన్ కొట్టాడట. ఇద్దరు వచ్చి కిందికి లాగి కొట్టారట. అప్పటినుంచి ఆయనకు నాకా అంటే ఒకటే పద్ధతి. ఇంజను బందు చేయాలి, కాగితాలు చేతిలో పట్టుకోవాలి, దిగిపోయి వరసలో నిలబడాలి, వంతు వచ్చేదాకా నోరు తెరవకూడదు. దాన్నొక తమాషా కథలా చెప్పి, పన్నులేని చోట వేలు పెట్టి చూపించేవాడు. నా కూతురు పడీపడీ నవ్వేది. నేనూ నవ్వాను.

మా ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ఆయన తండ్రితో సరిగ్గా మాట్లాడేవాడే కాదు. దానికి కారణం ఉంది, పెళ్లయిన మొదటి ఏడాదే నాకు చెప్పాడు. ఆయనకు పన్నెండేళ్లు ఉన్నప్పుడు తల్లి జ్వరంతో పోయింది. కబురు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు, అక్కడినుంచి దారిలో హోటలుకు చేరింది. మామ నూలు లోడుతో సగం దారిలో ఉన్నాడు. లోడు వదిలేసి రావడానికి వీల్లేదు, ఇంకో డ్రైవరు లేడు. బండి తోలుకునే వచ్చాడు. వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. కొరివి పెట్టింది ఆ పిల్లవాడే. వాకిట్లో దిగిన తండ్రి కాళ్లు కడుక్కుంటుంటే, పిల్లవాడు పక్కింటి గోడకు ఆనుకుని నిలబడి చూశాడట. ఆ రోజు నుంచి తండ్రిని "బాపు" అని పిలవలేదు. ముఖాముఖి ఏదైనా చెప్పాల్సి వస్తే పిలుపు లేకుండా మాట మొదలుపెట్టేవాడు. నాతో అయితే "మీ మామ". ఒకే గదిలో, రెండు మూరల దూరంలో తండ్రి కూర్చుని ఉండగా, "మీ మామకు మందులున్నయా అడుగు" అని నన్ను అడగమనేవాడు. నేను మొదట్లో రాయబారం చేశాను. తర్వాత ఒళ్లు మండి, "ఆయన చెవులు మంచిగనే ఉన్నయి, నువ్వే అడుగు" అన్నాను. ఆయన అడగలేదు. ఆ మాత్రం మొండితనం తండ్రి దగ్గర్నుంచే వచ్చింది, ఇంకెక్కణ్నుంచి వస్తుంది.

మొదటి లాక్‌డౌన్‌లో మామ లేకపోతే మేం ఆగమయ్యేవాళ్లం. పాండేసరలో రంగుల మిల్లులు మూతపడ్డాయి, వాటి వెనకే మా ఆయన పనిచేసే మగ్గాల షెడ్డూ మూతపడింది. పొద్దస్తమానం చెవుల్లో మోగే మగ్గాల చప్పుడు ఆగిపోయేసరికి నాకు భయం పట్టుకుంది. పక్క గదుల్లోని కుర్రాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మామ లేచి డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు.

"బండి అడివిల ఫెయిలయిందనుకో బిడ్డా" అన్నాడు నాతో. "మెకానిక్కు ఎప్పుడొస్తడో ఎవనికి ఎర్క. ఉన్నదంతట్ల సగమే ఉన్నదనుకోని వండాలె. బండి కాడికెల్లి మాత్రం కదలొద్దు."

వంట తనే తీసుకున్నాడు. రోడ్డు పక్కన స్టవ్వు మీద వండుకున్న చేయి కదా, నాలుగు టమాటాలతో ఇంటిల్లిపాదికీ కూర చేసేవాడు. నేను వండినదాని కంటే బాగుండేది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మా ఆయన తలవంచుకుని తినేసి, "కూర మంచిగున్నదని మీ మామకు చెప్పు" అనేవాడు. నేను చెప్పేదాన్ని కాదు. మామ అటు తిరిగి గంటె కడుగుతూ, వినపడనట్టే ఉండి, మరునాడు మళ్లీ అదే కూర చేసేవాడు.

మళ్లీ షెడ్లు తెరుచుకున్నాయి. ఇక గండం గడిచిందనుకున్నాం. రెండో ఏడు ఎండాకాలం వచ్చింది.

మా ఆయనకు జ్వరం మొదలైంది. మొదట్లో అందరిలాగే గోళీలు వేసుకున్నాడు. తర్వాత మాట్లాడితే ఆయాసం, ఆ తర్వాత మాట్లాడకపోయినా ఆయాసం. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఊళ్లో ఆసుపత్రుల పేర్లు చెబితేనే ఇరుగుపొరుగు తల అడ్డంగా ఊపారు. షెడ్డు సేటు తనకు తెలిసిన వాళ్లకు ఫోన్ చేసి, ఊరి బయట కామ్‌రేజ్ అవతల ఒక ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందట, పొద్దున్నే తీసుకుపొండి అన్నాడు. గుడ్డ తాన్లు మోసే తన టెంపో ఇస్తానన్నాడు. కానీ దాని డ్రైవరు సొంత ఊరికి వెళ్లిపోయాడు.

మామ లేచి నిలబడ్డాడు. "తాళం తెమ్మను" అన్నాడు.

"నీ కాలు మామా" అన్నాను.

"తెల్వకుంటే సూస్కుంట తొక్కుత."

కూతుర్ని పక్కింటి ఆమెకు అప్పజెప్పాను. టెంపో వెనక పరుపు వేసి మా ఆయనను పడుకోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. మామ వెనక తలుపు వేసి, లోడు వేసినప్పుడు వేసే అలవాటు కొద్దీ బయట గొళ్లెం బిగించాడు. నేను పట్టించుకోలేదు. ఆయన చెప్పులు విప్పేసి ఉత్తకాళ్లతో ఎక్కాడు. ఒక్క కుదుపు లేదు. కోడిగుడ్లు వేసుకుపోతున్నట్టు నడిపాడు. సచిన్ అనే ఊరు దాటి హైవే ఎక్కేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఈ రోడ్డు ఆయనది, ఇక్కడ ఆయనకు తెలియని గుంత లేదు అనుకున్నాను. మా ఆయన కళ్లు తెరిచి టెంపో పైకప్పును చూస్తూ ఉన్నాడు.

అప్పుడు నాకా వచ్చింది. ఊళ్లోకి వచ్చేవాళ్లను, పోయేవాళ్లను ఆపి చూస్తున్నారు. కార్లు ఒక పక్క, లారీలు ఒక పక్క. ముందు క్యాబినుకు, మాకు మధ్య చిన్న జాలీ కిటికీ ఉంది, దాంట్లోంచి నాకు కనిపిస్తోంది. కార్లు లైట్లు వేసుకుని, హారన్లు కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి. మామ టెంపోను లారీల వరస వెనక ఆపాడు. ఇంజను బందు చేశాడు. అద్దం దగ్గర పెట్టిన ప్లాస్టిక్ కవరు తీసుకుని, కాగితాలు సరిచూసుకుని, దిగాడు. ఉత్తకాళ్లతో, ఆ ఎండలో నడుచుకుంటూ పోయి, పోలీసుల బల్ల ముందు నిలబడ్డ డ్రైవర్ల వెనక నిలబడ్డాడు.

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. జాలీని రెండు చేతులా గుద్దాను. "మామా, పేషెంటున్నడని చెప్పు, పేషెంటున్నడని చెప్పు" అని గొంతు చించుకున్నాను. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అరచేయి చూపించాడు, ఆగు అన్నట్టు. మళ్లీ ముందుకు తిరిగి, తల కొంచెం వంచుకుని, వరసలో నిలబడ్డాడు. వెనక తలుపు తోశాను, గొళ్లెం బయట ఉంది. నోటికొచ్చిందల్లా తిట్టాను. చదువు లేని మొద్దు అన్నాను, పెళ్లాన్ని చంపింది చాలక కొడుకును చంపుతున్నాడు అన్నాను. అవును, అన్నాను.

మా ఆయన నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగాడు. వంగాను. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు.

"ఉండనియ్యి. బాపుకు నాకా అంటే గంతే."

చెప్పి, పెదవి కొంచెం వంచాడు. అది నవ్వే. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా. తర్వాత కళ్లు మూసుకున్నాడు, ఊపిరి మాత్రం ఆడుతోంది.

నేను తలుపు బాదుతూనే ఉన్నాను. చివరికి వెనక నిలబడ్డ లారీలోంచి ఎవరో డ్రైవరు దిగివచ్చి గొళ్లెం తీశాడు. దూకి, పోలీసుల దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి మామ ముందు ఇంకా మనుషులున్నారు. నేను హిందీలో అన్నది ఒక్క ముక్క, లోపల మనిషికి ఊపిరి అందడం లేదని. ఆ పోలీసు టెంపో వైపు చూశాడు, అడ్డం పెట్టిన రేకు పక్కకు లాగాడు. "మరి లైన్లో ఎందుకు నిలబడ్డారమ్మా, తొందరగా పొండి" అని విసుక్కున్నాడు. కాగితాలు అడగనే లేదు. ముందే ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మామ ఆ మాట విన్నాడు. కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చి బండెక్కాడు.

ఆసుపత్రి గేటు బయట మళ్లీ బండ్ల వరస. ఈసారి ఆయన వరసలో ఆగలేదు. హారన్ మీద చేయి పెట్టి తీయకుండా గేటుదాకా పోయాడు. తెల్ల ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న ఒక మనిషి వచ్చి టెంపోలోకి ఎక్కి, మా ఆయన మెడ మీద వేళ్లు పెట్టి చూసి, దిగిపోయాడు. మంచం సంగతి ఎవరూ ఎత్తలేదు.

దహనం దగ్గర కూడా వరసే. అక్కడ మామ నిలబడ్డాడు, నేను ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను.

ఊరి నుంచి ఎవరూ రాలేకపోయారు. రోజంతా ఫోన్లు. మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. పోయినవాడు బతికినవాళ్ల గురించి ఏదో మంచి మాట అని పోయాడని, వచ్చిన ప్రతి ఒక్కరూ తలా ఒకటి అల్లి చెబుతారు. మనిషి గుండె దిటవు పడుతుందని. చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు, అయినా చెబుతారు. సిరిసిల్ల నుంచి మామ తమ్ముడు, "నిన్న మొన్ననే ఫోన్ల మాట్లాడిండన్నా, నాయినకు ఏ కష్టం రావద్దు అన్నడు" అన్నాడు. ఊపిరందని మనిషి నిన్న మొన్న ఎవరితో ఫోన్లో మాట్లాడతాడు? పక్కింటి ఆమె కూడా మామతో, "నిన్నే యాది చేసుకుంట పోయిండట గదా" అంది, తానేదో టెంపోలో ఉన్నట్టు. మామ అందరికీ "అట్లనా" అనేవాడు. తలూపేవాడు. ఆ తర్వాత నా వైపు చూసేవాడు.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? నా గురించి ఒక్క మాట అనలేదు. కన్నకూతురి గురించి ఒక్క మాట అనలేదు. ఏడాదికేడాది "మీ మామ, మీ మామ" అని నా ప్రాణం తోడిన మనిషి, ఆఖరి ఊపిరి తీసుకుపోయి ఆయనకు ఖర్చు పెట్టాడు. అందుకు నాకు ఇద్దరి మీదా కోపం. మా ఆయన నోటినుంచి వచ్చిన చివరి మాట నా ఒక్కదాని చెవిలోనే ఉంది, అదొక్కటే నాకు మిగిలింది. దాన్ని మా ఆయనను వరసలో పెట్టిన మనిషికి తీసుకెళ్లి ఇవ్వబుద్ధి కాలేదు. ఇప్పటికీ అది తప్పని నేను అనుకోను.

మమ్మల్ని ఊరికి వచ్చేయమన్నారు. నేను పోలేదు, బిడ్డ చదువు ఇక్కడ ఉంది. మామను పంపించేయమన్నారు, దానికీ నేను ఒప్పుకోలేదు. పొమ్మంటే ఎక్కడికి పోతాడు? చీరలకు రాళ్లు అంటించే పని ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన గడపలో కూర్చుని, చీర అంచుల్లో తేలిన దారాలు కత్తిరించి ఇచ్చేవాడు. ఆయన కత్తిరించిన చీరలో ఒక్క దారం మిగిలేది కాదు. పొద్దంతా ఇద్దరం పక్కపక్కనే పనిచేసేవాళ్లం. "అన్నం తిను", "మందేసుకో", "పొల్ల బడి నుంచి వచ్చిందా", ఇవే మా మాటలు. రోజులు గడుస్తుంటే కోపం చేతిపనిలో పడి కొంచెం నలిగింది. పోయిందని మాత్రం చెప్పను.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ఆయన కుడికాలికి పుండు పడింది. తెలియని కాలు కదా, ఎప్పుడు ఏది గుచ్చుకుందో ఆయనకే తెలియదు. నల్లబడింది. ఆసుపత్రికి తీసుకుపోయాను, కాలు తీసేయాలన్నారు. వద్దని లేచి వచ్చేశాడు. నేను నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. ఆయన గోడకు ఆనుకుని కాలు చాపుకుని కూర్చున్నాడు. కత్తెర పక్కన పెట్టాడు.

"బిడ్డా, ఒక్కటడుగుత. కట్టి చెప్పకు, ఉన్నది చెప్పు."

"అడుగు మామా."

"ఆ రోజు నాకా కాడ నేను దిగి పోయిన గద. వాడు నన్నేమన్న అన్నడా?"

ఆయన ముఖం చూశాను. తిట్టాడన్నా మోయడానికి సిద్ధంగా కూర్చున్న ముఖం. నా చేతిలో ఉన్న రాయి జారి చీర మీద ఎక్కడో పడింది. ఇక నాలో దాచుకోవాలన్న పట్టుదల లేదు. జాలి వచ్చింది, మనసులో ఉన్నది చెబుతున్నాను, నిజంగానే జాలి వచ్చింది.

"అన్నడు మామా. నేను నిన్ను తిడుతుంటె నా కుచ్చిళ్లు గుంజి, 'ఉండనియ్యి, బాపుకు నాకా అంటే గంతే' అన్నడు. నవ్విండు గూడ. గదే ఆఖరి మాట."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పటికైనా ఇది తీరిందనుకున్నాను.

"బాపు అన్నడా?" అని అడిగాడు.

"బాపు అనే అన్నడు."

మామ నవ్వాడు. పన్నులేని చోటు కనిపించింది.

"గాడనే దొరికినవ్ బిడ్డా" అన్నాడు మెల్లగా. "వాళ్లమ్మ పోయిన కాడి సంది వాడు నన్ను బాపు అనలే. జరంత గూడ కట్టి చెప్పుడు వస్తలేదు నీకు."

"మామా, నా బిడ్డ మీద ఒట్టు."

ఆయన చప్పున ముందుకు వంగి నా చేయి పట్టుకున్నాడు. "పొల్ల మీద ఒట్టెందుకు పెడ్తవ్. వద్దు. నా కోసం అబద్ధమాడినవ్, గది సాలు నాకు."

నాకు పిచ్చెక్కింది. చీర విసిరికొట్టాను. అన్నాడు, నా చెవులతో విన్నాను, నువ్వు నమ్మకపోతే నేనేం చేయాలి అని అరిచాను. పక్కింటి ఆమె తొంగిచూసింది. నేను ఎంత అరిస్తే ఆయన ముఖం అంత మెత్తబడింది. "ఊకో బిడ్డా, ఊకో" అని నన్నే ఓదార్చాడు. కోడలు ఇంత మంచిదని నేననుకోలేదు అని పక్కింటి ఆమెతో చెప్పాడు.

పదిహేను రోజులు తిరక్కుండానే పోయాడు. ఊళ్లోవాళ్లు అల్లిన మాటలన్నిటికీ తలూపిన మనిషి, కొడుకు నిజంగా అన్న ఒక్క మాటను అబద్ధమనుకున్నాడు. ఆ అబద్ధం చెప్పినందుకు నాకు రెండు చేతులెత్తి దండం పెట్టి మరీ పోయాడు.